బాబాయి కుడి చెవి

మా బాబాయి మా ఇంటి గేటు బయట వానలో నిలబడి, అరచేతిని చెవికి ఆనించి చూపిస్తుంటే ఫోన్ వచ్చిందంటున్నాడేమో అనుకున్నాను. మా ఇళ్లలో ఆ సైగకి అర్థం అదే. పిన్ని అప్పటికి మైలవరంలో ఉంది, వాళ్ల అన్నయ్యగారింట్లో మేనకోడలి సీమంతానికని వెళ్లి. ఆవిడే చేసిందేమోనని లోపలికి పరిగెత్తి నా ఫోన్ తెచ్చి చూశాను. ఎవరూ చేయలేదు. బాబాయి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అరచేతిని చెవికి గట్టిగా అదుముకుని, ఈసారి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు గమనించాను, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. గొడుగు చంకలోనే ఉంది. దాన్ని తెరవాలంటే చెవి మీంచి చెయ్యి తీయాలి. తీయలేకపోయాడు.

బాబాయికి పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. మా నాన్నకి తమ్ముడు. జగ్గయ్యపేటలో మోటార్లకి వైండింగ్ చేసే చిన్న షాపు ఆయనది. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే ఆయన దగ్గరికే తెస్తారు. కాలిన రాగి తీగ విప్పేసి కొత్తది చుట్టి, బిగించి, ఆన్ చేసి దాని మీద అరచెయ్యి పెడతాడు. చేతికి బాగుందనిపిస్తే బొటనవేలు పైకెత్తుతాడు. లేకపోతే మళ్లీ విప్పుతాడు. రైతు తొందరపెట్టినా సరే, విప్పుతాడు.

ఆయన సైగలు ఏ బడిలోనూ నేర్చినవి కావు. చిన్నప్పుడు మా నాయనమ్మా ఆయనా కలిసి కొన్ని కల్పించుకున్నారు. పెళ్లయ్యాక పిన్ని వచ్చి వాటిని వందలు చేసింది. పిన్నికి వినపడుతుంది, మాట్లాడుతుంది, బాగా ఎక్కువే మాట్లాడుతుంది. ఇష్టపడే చేసుకుంది బాబాయిని. ఎందుకు చేసుకున్నావని నేనొకసారి అడిగితే, "ఆయన నా మొహం చూసి మాట్లాడతాడే. మిగతా మగాళ్లంతా గోడల్ని చూసి మాట్లాడతారు" అంది. మనుషులకి బాబాయి పెట్టే పేర్లు కూడా వాళ్ల మొహాల్లోంచే వస్తాయి. నా ఎడమ కనుబొమ మీద చిన్నప్పుడు పడ్డ దెబ్బ తాలూకు గీత ఉంది. వేలితో అక్కడ గీసి చూపిస్తే నేనని అర్థం. పిన్నికి పేరు, పెదాల ముందు చకచకా కొట్టుకునే వేళ్లు.

ఆ రోజు ఆయన్ని లోపలికి తీసుకొచ్చి తల తుడిచి, వేడి పాలిచ్చాను. నొప్పి కుడి చెవిలో అని, పొద్దున్న షాపులో పని చేస్తుంటే ఉన్నట్టుండి మొదలయిందని చెప్పాడు. చేతికి కరెంటు కొట్టినా నవ్వేసే మనిషి. జ్వరమొచ్చినా షాపు మూయడు. అలాంటిది పట్టపగలు షట్టరు దించి నా దగ్గరికి నడిచొచ్చాడంటే చిన్న నొప్పి కాదని తెలుస్తూనే ఉంది. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నారు. వానల వల్ల తర్వాతి షిఫ్టు వాళ్లు రాక, ఆయన్ని అక్కడే ఉండమన్నారు. బడులకి సెలవు ఇచ్చేశారు కాబట్టి టీచరు ఉద్యోగం చేసే నేనూ, మా పాపా ఇంట్లోనే ఉన్నాం. బాబాయిని ఆటోలో దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను.

లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. జ్వరాలు, దగ్గులు, తడిసిన గొడుగులు. మా వంతు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. డాక్టరు గారు తల ఎత్తగానే బాబాయి చెవి చూపించాడు.

"వినపడదా?" అన్నాడాయన.

"వినపడదండి. కానీ అందుక్కాదు వచ్చింది..."

"ఎప్పట్నించి వినపడట్లేదు?"

"పుట్టినప్పట్నించీ అండి."

"మరి ఇన్నేళ్లకి ఇప్పుడు తీసుకొచ్చారేంటమ్మా?"

నొప్పండీ, నొప్పి, అని రెండుసార్లు చెప్పాక అర్థమైంది. టార్చి వేసి చెవిలోకి చూశాడు. గుబిలి బాగా ఉందన్నాడు. చుక్కల మందు, నొప్పికి బిళ్లలు రాశాడు. ఆయన్ని తప్పు పట్టలేను. బాబాయి కొత్తవాళ్ల ముందు ఎప్పుడూ చేసే పని, చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపడం. నాకు వినపడదు, నా మొహం చూసి చెప్పండి అని. అదే చెవిని ఇప్పుడు నొప్పని చూపిస్తుంటే చూసిన ప్రతివాళ్లూ పాత అర్థమే తీసుకుంటున్నారు. మందుల షాపులోనూ అంతే జరిగింది. కౌంటర్లో ఉన్నాయన జాలిగా మొహం పెట్టి, ఈ రోజుల్లో మంచి మిషన్లు వచ్చాయమ్మా చెవిలో పెట్టుకునేవి, అన్నాడు.

బాబాయిని వాళ్లింటికి పంపలేదు. మా ఇంట్లోనే ముందుగదిలో పడుకోబెట్టాను. మందు పడ్డాక కాస్త తగ్గిందన్నాడు. రాత్రికి వాన పెరిగింది. మర్నాడు ఆయనకి జ్వరం వచ్చింది. అన్నం నమలలేక మజ్జిగ తాగాడు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో ఉండగా ఒక చప్పుడు వినపడింది. సన్నగా, సాగదీసినట్టు. గాలికి కిటికీ రెక్క మూలుగుతోందనుకున్నాను. వెళ్లి చూస్తే బాబాయి. గోడవైపు తిరిగి పడుకుని మూలుగుతున్నాడు. నాకు ఊహ తెలిశాక ఆయన గొంతులోంచి అలాంటి శబ్దం రావడం ఎప్పుడూ వినలేదు. నవ్వినప్పుడు చిన్న కూత లాంటిది వస్తుంది, అంతే. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. ఇటు తిరిగి నా మొహం చూశాడు. నా మొహంలో ఏం కనపడిందో గాని, వెంటనే చెయ్యి తన గొంతు మీద పెట్టుకున్నాడు. వేళ్ల కింద ఆ అదురు తెలిసి ఉంటుంది. ఠక్కున ఆపేశాడు. పక్కగదిలో మా పాప చదువుకుంటోంది. అటువైపు చూసి, అది భయపడుతుందని నాకు సైగ చేశాడు. ఆ తర్వాత వేళ్లు గొంతు మీదే ఉంచుకుని పడుకున్నాడు, మళ్లీ చప్పుడు వస్తే తనకి తెలియాలని.

నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కనపడకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్నే పాపని పక్కింట్లో వదిలి, నేనూ బాబాయీ ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. అప్పటికే మున్నేరు పొంగి, నందిగామ అవతల ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయని, విజయవాడ వైపు బండ్లు ఆపేశారని అందరూ చెప్పుకుంటున్నారు. ఆసుపత్రి వరండాలో లోతట్టు ఊళ్ల నుంచి వచ్చిన జనం, ఒళ్లో పిల్లలతో, ప్లాస్టిక్ సంచుల్లో బట్టలతో కూర్చుని ఉన్నారు. డ్యూటీలో ఉన్న కుర్రడాక్టరు నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు.

"చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారు విజయవాడ నుంచి రావాలమ్మా. రోడ్డు లేదుగా. రెండ్రోజులు ఆగండి," అన్నాడు.

"నొప్పి తట్టుకోలేకపోతున్నాడండి."

"వినపడే చెవైతే నేనూ కంగారు పడేవాణ్ని. ఎలాగూ వినపడదంటున్నారు కదా, ఇప్పటికిప్పుడు పోయేదేముంది?"

సరిగ్గా అప్పుడే పిన్ని వీడియో కాల్ చేసింది. మైలవరంలో తనూ ఇరుక్కుపోయింది. బస్సుల్లేవు. ముందు రోజు నుంచీ గంట గంటకీ చేస్తూనే ఉంది. ఫోన్ ఎత్తేసరికి డాక్టరు మళ్లీ అదే మాట అంటుంటే ఆవిడ చెవిన పడింది.

"ఏమన్నాడే ఆయన? ఫోన్ ఆయన వైపు తిప్పు."

తిప్పాను.

"డాక్టరు గారూ, వినపడకపోతే ఏమండి? నొప్పి పుడుతుందిగా! వినపడే చెవికో నొప్పి, వినపడని చెవికో నొప్పి ఉంటుందాండి? అదీ ఆయన చెవేగా!"

"అలా కాదమ్మా..." అన్నాడు కుర్రడాక్టరు.

"అమ్మడూ, ఆయన మొహం సరిగ్గా చూపిచ్చు. ఎదురుగా. ఇంకొంచెం దూరంగా పట్టుకో." ఫోన్లో పిన్ని మొహం తెరకి దగ్గరగా వచ్చింది. "ఆ కుడి చెవేంటే, అలా ముందుకొచ్చింది?"

నాకు తేడా కనపడలేదు. రెండు రోజులుగా పక్కనే ఉండి కూడా చూడలేదు. పిన్ని పాతికేళ్ల పైనుంచీ ఆ మొహాన్నే చూస్తూ మాట్లాడుతోంది. అందులో వెంట్రుకవాసి మార్పొచ్చినా ఆవిడకి తెలిసిపోతుంది. డాక్టరు లేచి వచ్చి బాబాయి వెనక నిలబడి రెండు చెవులూ పోల్చి చూశాడు. చెవి వెనక ఎముక మీద వేలు పెట్టగానే బాబాయి కుర్చీలోంచి సగం లేచిపోయాడు.

"నిజమేనమ్మా," అన్నాడు డాక్టరు, గొంతు మార్చి. "వెనకాల వాపుంది. ఎర్రబడింది కూడా. నేను సరిగ్గా చూడలేదు. ఇంజెక్షన్ ఇప్పుడే వేయిస్తాను. కానీ సర్జన్ ఎవరైనా చూడాలి. ఇలాంటిది ఆగకూడదు." అంబులెన్సు కోసం ఆయనే ఫోన్లు చేశాడు. అన్నీ వరద ఊళ్లకి వెళ్లి ఉన్నాయి.

పిన్ని కాసేపట్లో మళ్లీ చేసింది. "నందిగామ పోండి. నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఉంది చూడు, ఆవిడకి ఫోన్ చేశా. వరదకి ఆవిడా ఎటూ పోలేదంట. ఆసుపత్రి పైనే ఇల్లు. చెవి డాక్టర్ని కాదంది గాని, తీసుకురమ్మంది. బయల్దేరండి, ఆలోచించమాకండి."

చిల్లకల్లు దాటి హైవే ఎక్కేదాకా ఆటో బాగానే వెళ్లింది. అంబారుపేట దగ్గరికి వచ్చేసరికి లారీలు. ముందు రోడ్డు మూసేయడంతో హైదరాబాదు వైపు నుంచి వచ్చినవన్నీ వరసగా నిలిచిపోయాయి. ఒక వరస కాదు, పక్క వరసలోకి కూడా వచ్చేశాయి. లారీల చాటున డ్రైవర్లు స్టవ్వులు పెట్టుకుని అన్నం వండుకుంటున్నారు. ఆటో ఆయన కాస్త దూరం మట్టి అంచు మీద పోనిచ్చాడు. చక్రం దిగబడింది. దిగి తోశాం. నేనూ, ఇద్దరు లారీ డ్రైవర్లూ తోస్తుంటే, బాబాయి ఒక చెయ్యి చెవి మీద పెట్టుకుని రెండో చేత్తో తనూ తోయబోయాడు. వద్దని చెయ్యి లాగేశాను. ఆటో బయటపడింది గాని ఇంకొంచెం పోయాక అసలు దారి లేదు.

అక్కణ్నించి నడిచాం. జ్వరంతో ఉన్న మనిషిని అంత దూరం నడిపించాల్సి వస్తుందనుకోలేదు. వాన సన్నగా పడుతోంది. గొడుగు నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. తను పట్టుకున్నాడు, అదీ నావైపే వంచి. లారీల మధ్యనుంచి పోతున్నప్పుడు ఏదైనా ఇంజను ఆన్ అయితే నాకు చప్పుడు తెలుస్తుంది, ఆయనకి తెలియదు. అందుకని ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచాను. మధ్యలో ఆగి, ఒక లారీ చక్రానికి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. మొహం బూడిదరంగులో ఉంది. కూర్చుందామా అని అడిగాను. వద్దన్నాడు. కూర్చుంటే లేవలేనని, చేతిని కిందికి వాల్చి చూపించాడు. కళ్లు తెరిచి మళ్లీ నడిచాడు. నాకంటే ముందు.

నందిగామలో డాక్టరమ్మ మా కోసం కిందే నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. నేత చీర, కాళ్లకి హవాయి చెప్పులు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. పిన్ని ఆపరేషన్ అప్పుడు బాబాయి ఆవిడకి పెట్టిన పేరు కూడా ఆ కళ్లద్దాలే. ఆవిడకీ ఆయన గుర్తున్నాడు. "మీ పిన్నిగారి మంచం పక్కన పొద్దస్తమానం కదలకుండా కూర్చునేవారు కదా," అంది నాతో. వెంటనే ఆయన వైపు తిరిగి, ఆయన మొహంలోకి చూస్తూ అంది: "రండి. కూర్చోండి."

ఆయనకి వినపడదని తెలిసీ ఆయనతోనే మాట్లాడిన మనిషి మేం తిరిగిన చోట్లన్నిటిలో ఆవిడొక్కతే. పెదాలు చూసి బాబాయి కూర్చున్నాడు.

కరెంటు లేదు. జనరేటర్ మీద లైట్లు వెలుగుతున్నాయి. వీడియోలో పిన్నిని పెట్టుకుని డాక్టరమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. చిన్నప్పుడెప్పుడైనా చెవిలో చీము కారేదా? పిన్ని చేతులు తెర మీద కదిలాయి. బాబాయి చేతులు బదులు చెప్పాయి. "కారేదంటండి," అంది పిన్ని. "బళ్లో పిల్లలు పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదంట. అత్తయ్య వెల్లుల్లి కాచిన నూనె పోసేదంట." ఈ సంగతి నాకు తెలియదు. మా నాన్నకి కూడా తెలుసో లేదో. తల తిరుగుతోందా? వాంతి వచ్చిందా? మొహం ఒకవైపు మొద్దుబారిందా? ఒక్కొక్కటీ అడుగుతుంటే పిన్ని బొమ్మ బిగుసుకుపోయింది. తర్వాత మాట తెగింది. తర్వాత కాల్ పోయింది. మళ్లీ కలవలేదు. ఎక్కడో టవర్ పడిపోయిందన్నారు.

డాక్టరమ్మ నన్ను చూసింది. నాకొచ్చిన సైగలు అన్నం, నీళ్లు, పని, ఎవరొచ్చారు, ఎవరు పోయారు వరకే. "నొప్పి ఎలాంటిదో అడగగలవామ్మా?" అంది. "గుచ్చుతోందా, మండుతోందా, బరువుగా ఉందా, కొట్టుకుంటోందా?"

అడగడానికి ప్రయత్నించాను. సూదితో గుచ్చినట్టు చూపించాను. నిప్పు చూపించాను. బాబాయి నా చేతులు చూసి ఓపిగ్గా తల ఊపుతున్నాడు, కాదు, కాదు అని. తర్వాత నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని నొక్కాడు. వదిలాడు. నొక్కాడు. వదిలాడు. ఒకే లయలో, ఒక్కోసారి ఇంకా గట్టిగా. నొక్కినప్పుడల్లా ఆయన రెప్పలు ముడుచుకుంటున్నాయి. చెవిలో ఏం జరుగుతోందో అప్పటికప్పుడు నా చేతికి అందిస్తున్నాడు.

"అమ్మా, మీ చెయ్యివ్వండి," అన్నాను.

ఆవిడ చెయ్యి చాపింది. బాబాయి ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంది. రెండో చేత్తో ఆయన నాడి పట్టుకుంది. "నాడితోపాటే కొట్టుకుంటోంది," అంది కళ్లు తెరిచి. "లోపల చీముంది. కదలడానికి చోటు లేక ఒత్తుతోంది."

తర్వాత పాత ల్యాండ్‌లైను మీద విజయవాడలో ఉన్న చెవి డాక్టరు ఒకాయన్ని పట్టుకుంది. తనతో చదువుకున్నాయనట. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేసి నాకు విడమరిచి చెప్పింది. చెవి వెనక ఉండే ఎముకలో చీము పట్టి చర్మం కిందికి దిగింది. అది బయటికి రాకపోతే లోపలికి, మెదడు వైపు పోవచ్చు. ఎముక శుభ్రం చేసే పెద్ద ఆపరేషన్ విజయవాడలో చెవి డాక్టరే చేయాలి, తను చేయకూడదు. కానీ రోడ్డు తెరిచేదాకా ఆగకుండా, పైనున్న చీముని ఇప్పుడే తీసేయాలి. అది తను చేయగలదు. "నాకు రానిది నేను ముట్టుకోను. వచ్చింది మాత్రం ఇప్పుడే చేస్తాను," అంది. "ఆయనకి చెప్పి ఒప్పించు. ఆయన ఒప్పుకోనిదే చెయ్యను."

చీముకి సైగ నాకు తెలియదు. చెవి వెనక చూపించి, లోపల ఏదో నిండినట్టు, చర్మం కోసినట్టు చూపించాను. బాబాయి కనుబొమలు ముడిచి చూశాడు. కాసేపయ్యాక ఆయన చేతులు కదిలాయి. గుండ్రంగా మోటారు. దానిలోకి నీళ్లు దిగడం. మూత విప్పడం. వంచేయడం. చివర్లో వేళ్లు విదిలించి, ఎండబెట్టడం. అంతేనా అన్నట్టు నన్ను చూశాడు.

"ఏమంటున్నారు?" అంది డాక్టరమ్మ.

"మోటార్లో నీళ్లు దిగాయి, మూత తీసి వంచెయ్యమంటున్నాడండి."

"అంతే! సరిగ్గా అంతే!" అని ఆవిడ ఆయనకే బొటనవేలు ఎత్తి చూపించింది.

బల్ల మీద పడుకోబెట్టి, తల పక్కకి తిప్పి ఆకుపచ్చ గుడ్డ మొహం మీద కప్పబోతుంటే బాబాయి దాన్ని పట్టుకుని ఆపాడు. నర్సు భయపడుతున్నాడనుకుంది. ఆయన రెండు వేళ్లతో తన కళ్లు చూపించాడు, రెండు చేతులూ ఎత్తి చూపించాడు. నాకు అర్థమైంది. కళ్లు మూసి, చేతులు పట్టుకుంటే ఆయనకి మాట లేదు. చీకట్లో ఒక్కడే అయిపోతాడు. డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ గుడ్డని వెనక్కి మడిచి కళ్లు బయటికి ఉండేలా సర్దింది. నన్ను చేతులు కడుక్కోమని, మాస్కు ఇచ్చి, ఆయన చూపు పడేచోట స్టూలు వేసి కూర్చోబెట్టింది. "చీమున్న చోట మత్తు పూర్తిగా పట్టదు. కొంచెం తెలుస్తుందని చెప్పు. తల కదపకూడదని చెప్పు," అంది.

చెప్పాను. ఆయన తల కదపలేదు. సూది దిగినప్పుడు కాలివేళ్లు మాత్రం ముడుచుకున్నాయి. కత్తి పెట్టినప్పుడు ఆయన కంట్లోంచి నీళ్లు ముక్కు మీదుగా కారి బల్ల మీద పడ్డాయి. అప్పుడూ ఆయన చేతులు నాతో మాట్లాడుతూనే ఉన్నాయి. పిన్ని అన్నం తిన్నదా అని అడిగాడు. తినే ఉంటుందన్నాను. నమ్మలేదు. తినదు, ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది అన్నాడు. షాపులో విప్పి పెట్టిన మోటారు ఫలానా రైతుది, వాన తగ్గగానే వస్తాడు, ఆలస్యమవుతుందని చెప్పమన్నాడు. నా మొహం పాలిపోయిందేమో, నువ్వు చూడొద్దు, నన్నే చూడు అన్నాడు. కోత పడుతున్నది ఆయనకి, ధైర్యం నాకు.

చీము బయటికి రాగానే ఆయన మొహం మారడం నేను కళ్లారా చూశాను. రెండు రోజులుగా బిగుసుకుని ఉన్న దవడ వదులయింది. నొసలు సాఫీ అయింది. పెద్దగా ఊపిరి వదిలి, అరచేతిని గాల్లో మెల్లగా కిందికి దించాడు. తగ్గింది అని. ఆ సైగ నాకు తెలుసు. డాక్టరమ్మకి నేను చెప్పక్కర్లేకపోయింది. మాస్కు వెనక ఆవిడ నవ్వుతోందని కళ్లు చెప్పాయి.

పైనుంచి ఆవిడ మాకు చారన్నం పంపించింది. బాబాయి రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

నీళ్లు తగ్గి రోడ్డు తెరవగానే పిన్ని కంచికచర్ల మీదుగా వచ్చేసింది. కొంత దూరం ఎవరిదో ట్రాక్టరు మీద, కొంత దూరం పాలవ్యాను ముందు సీట్లో. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా బురద. గదిలోకి వస్తూనే బాబాయిని తిట్టడం మొదలుపెట్టింది, చేతులతో. నేను అంత వేగంగా ఆ చేతులు కదలడం ఎప్పుడూ చూడలేదు. సగం కూడా అందలేదు నాకు. మొదటి రోజే నాకెందుకు ఫోన్ చేయించలేదు, వానలో తడుస్తూ ఎందుకు నడిచావు, చిన్నప్పుడు చెవిలో చీము కారేదని ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు. బాబాయి దిండుకి ఆనుకుని, కట్టు కట్టిన తలతో, అంతా శ్రద్ధగా చూశాడు. ఆవిడ ఆగాక అడిగాడు, తిన్నావా అని. పిన్ని మంచం అంచున కూర్చుని ఏడ్చేసింది.

"నువ్వు చాలా చేశావే అమ్మడూ," అంది తర్వాత నాతో.

"నేనేం చేశాను పిన్నీ. చెవి ముందుకొచ్చిందని కనిపెట్టింది నువ్వు. నొప్పి డాక్టరమ్మకి చెప్పుకుంది ఆయన."

విజయవాడలో పెద్ద ఆపరేషన్ జరిగింది. డాక్టరమ్మ ముందే మాట్లాడి పెట్టడంతో అక్కడ ఎవరూ వినపడదా అని అడగలేదు. నొప్పి ఎలా ఉంది అనే అడిగారు. ఎముకలో చెడిన భాగం తీసేశారు. సమయానికి చీము బయటికి తీయకపోతే సంగతి వేరేగా ఉండేదని ఆ డాక్టరు పిన్నితో అన్నాడట. కుట్లు విప్పేదాకా బాబాయి షాపుకి వెళ్లలేదు గాని, మోటార్లు ఇంటికి తెప్పించుకున్నాడు. పిన్ని తిడుతూనే వాటిని వరండాలో పెట్టనిచ్చింది.

చలికాలం మొదలయ్యాక ఒకరోజు ముగ్గురం నందిగామ వెళ్లాం, డాక్టరమ్మకి చూపించడానికి. అవసరం లేకపోయినా వెళ్దామన్నది బాబాయే. ఆవిడ చెవి వెనక మచ్చ చూసి, నొక్కి చూసి, సంతోషించింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్లద్దాలు సర్దుకుని, ఆయన ఎదురుగా చేతులు ఎత్తింది. ఏదో అడిగింది, సైగలతో, సొంతంగా.

బాబాయి సీరియస్‌గా చూసి జవాబు చెప్పాడు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నారు? నేను నొప్పి తగ్గిందా అని అడిగా," అంది డాక్టరమ్మ.

"అన్నం ఉడికిందా అని అడిగారండి మీరు," అంది పిన్ని నవ్వు ఆపుకోలేక. "ఉడికింది, దించేశాం అంటున్నాడు."

ఆవిడ కూడా పగలబడి నవ్వింది. బాబాయి ముందుకి వంగి ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు విప్పి అరచెయ్యి చదును చేసి, చెవి దగ్గర్నించి మెల్లగా కిందికి ఎలా దించాలో చూపించి వదిలాడు. బయట వేరే రోగులు ఎదురుచూస్తున్నారు. అయినా ఆవిడ లేవలేదు. మళ్లీ మొదట్నుంచి చేసింది. ఈసారి సరిగ్గానే వచ్చింది.

తగ్గింది, అన్నాడు బాబాయి.